లెక్కలోకి రానిది

నవలలు రాసుకునే మనిషికి పలకలూ, బరువులూ, వంపులూ ఎందుకమ్మా అని మీరు అడగవచ్చు. అడగటం న్యాయమే. నేను చదివింది బి.ఏ. నాకొచ్చిన లెక్కలు పాలవాడి పద్దు దగ్గర మొదలై ఇస్త్రీ బట్టల పద్దు దగ్గర ఆగిపోతాయి. అయినా కథలు రాయగా రాయగా నాకొక సంగతి తెలిసింది. ఏ ఇంటి కథలో అయినా ఒక మనిషిని "ఆవిడదేముంది లెండి" అని అందరూ పక్కన పెట్టేస్తారు. తీరా చూస్తే ఇల్లు నిలబడింది ఆవిడ వల్లే అయి ఉంటుంది. సరిగ్గా ఇలాంటి కథే ఇంజనీర్ల లెక్కల్లోనూ నూటడెబ్బై ఏళ్ళపాటు నడిచిందనీ, అది పారిస్‌లో ఒక అమ్మాయితో మొదలై మన వరంగల్ బిడ్డ దాకా వచ్చిందనీ తెలిశాక, మీకు చెప్పకుండా ఉండలేకపోయాను.

ముందు పలక సంగతి. ఇంజనీర్ల భాషలో పలక అంటే మనం అక్షరాలు దిద్దుకున్న రాతిపలక ఒక్కటే కాదు. పొడవూ వెడల్పూ ఎక్కువై మందం తక్కువగా ఉన్నదేదైనా పలకే. భోజనాల బల్ల పైభాగం పలక. ఇంటి శ్లాబు పలక. ఓడ డెక్కు, విమానం రెక్కమీది తొడుగు - అన్నీ పలకలే. దానిమీద బరువు పడితే ఎంత వంగుతుంది, ఎక్కడ ముందు తెగుతుంది అన్నదే ప్రశ్న. ఒకే ముద్దగా ఉన్న పలక ఒక రకం. పల్చటి రేకులు ఒకదానిమీద ఒకటి పేర్చి అంటించిన పలక మరో రకం. మన మిఠాయిల్లో చెప్పాలంటే మైసూరు పాకు మొదటి రకం, తాపేశ్వరం మడత కాజా రెండో రకం. ఈనాడు ఆకాశంలో ఎగురుతున్న పెద్ద విమానాల్లో కొన్ని చాలావరకు ఈ మడత కాజా జాతివే. బోయింగ్ 787 బరువులో దాదాపు సగం ఇలా పొరలు పేర్చిన పదార్థమే.

కథ మొదలైంది మాత్రం ముగ్గుతో.

ఎర్నెస్ట్ క్లాడ్నీ అని జర్మనీలో ఒకాయన ఉండేవాడు. లోహపు పలకనో, గాజు పలకనో మధ్యలో బిగించి, దానిమీద సన్నటి ఇసక చల్లి, అంచు వెంట ఫిడేలు కమాను లాగేవాడు. పలక మోగేది. ఇసక రేణువులు ఎగిరెగిరిపడి, కదలిక లేని చోట్లకి చేరుకుని గీతలుగా, చుక్కలుగా, వలయాలుగా సర్దుకునేవి. స్వరం మారితే ముగ్గు మారేది. 1787లో ఆయన వీటిమీద పుస్తకం వేశాడు. 1809లో పారిస్ వచ్చి నెపోలియన్ చక్రవర్తి ఎదుట ఈ విద్య ప్రదర్శించాడు. చక్రవర్తికి మహా ముచ్చటేసింది. దీని వెనక ఉన్న గణితం చెప్పినవారికి 3000 ఫ్రాంకుల విలువైన బంగారు పతకం ఇస్తామని ఫ్రాన్స్ విద్వత్సభ చేత పోటీ ప్రకటింపజేశాడు. గడువు రెండేళ్ళు.

ఆ రోజుల్లో పారిస్ నిండా మహాపండితులే. అయితే వారిలో మహామహుడైన లగ్రాంజ్, ఇప్పుడున్న గణితం దీనికి చాలదు అన్నాడట. ఆయన అంతమాట అన్నాక ఇంకెవరు చేయి పెడతారు? 1811లో గడువు ముగిసేసరికి వచ్చింది ఒకే ఒక్క వ్యాసం. పోటీ నిబంధన ప్రకారం రాసినవారి పేరు దానిమీద లేదు. రాసింది ముప్ఫై అయిదేళ్ళ అవివాహిత, సోఫీ జెర్మేన్.

ఈ సోఫీ 1776లో పారిస్‌లో ఒక సంపన్న వ్యాపారి ఇంట్లో పుట్టింది. పదమూడో ఏట ఫ్రెంచి విప్లవం వచ్చింది. వీధిలోకి వెళ్ళే వీలులేక నాన్నగారి పుస్తకాల గదిలో కూర్చుని ఆర్కిమిడీస్ కథ చదివింది. శత్రుసైనికుడు కత్తి ఎత్తినా తలెత్తకుండా లెక్క చేసుకుంటూ ప్రాణం పోగొట్టుకున్న ఆ ముసలాయన కథ ఆమెని పట్టుకుంది. అంత మైమరపించే విద్య ఏమిటో చూద్దామని లెక్కల్లో దిగింది. ఆడపిల్లకి లెక్కలేమిటని ఇంట్లోవాళ్ళు రాత్రిపూట ఆమె గదిలో నిప్పు తీసేసేవారట, దీపం తీసేసేవారట, వెచ్చటి బట్టలు కూడా దాచేసేవారట. ఆమె దుప్పట్లు చుట్టుకుని, దాచుకున్న కొవ్వొత్తులు వెలిగించుకుని, సిరాబుడ్డిలో సిరా గడ్డకట్టే చలిలో లెక్కలు చేసేదని చెబుతారు. చివరికి పెద్దవాళ్ళే ఓడిపోయారు.

1794లో పారిస్‌లో కొత్త సాంకేతిక విద్యాలయం తెరిచారు. ఆడవాళ్ళకి ప్రవేశం లేదు. సోఫీ అక్కడి పాఠాల నోట్సు సంపాదించి చదువుకుని, లె బ్లాన్ అనే మగవిద్యార్థి పేరుతో లగ్రాంజ్‌కి తన రాతలు పంపింది. ఈ లె బ్లాన్ ఎవరా అని ఆయన ఆరా తీసి, అసలు సంగతి తెలుసుకుని, స్వయంగా వచ్చి మెచ్చుకున్నాడు. అంతవరకూ బాగానే ఉంది. కానీ మెచ్చుకోవటం వేరు, పక్కన కూచోబెట్టుకుని చదువు చెప్పటం వేరు. ఆ రెండోది ఆమెకి ఎప్పుడూ దొరకలేదు.

ఇప్పుడు పోటీ సంగతి. పలక ఎంత వంపు తిరిగితే అంత బలంగా తిరిగి నిటారు కావాలని చూస్తుంది అన్నది ఆమె మూలసూత్రం. ఆలోచన గట్టిది. దాన్నుంచి సమీకరణం రాబట్టేటప్పుడు దారి తప్పింది. న్యాయనిర్ణేతల్లో ఉన్న లగ్రాంజ్ ఆమె ఆలోచననే పట్టుకుని సమీకరణాన్ని సరిచేశాడు. అదే ఈనాటికీ పలకల శాస్త్రానికి మొదటి మెట్టు. బహుమానం ఇవ్వకుండా గడువు పొడిగించారు. 1813లో ఆమె మళ్ళీ రాసింది. ఈసారి కూడా మరొకరు రాయలేదు. ప్రశంస దక్కింది, పతకం దక్కలేదు. 1814లో పాయిసన్ అనే పండితుడు, ఈయన తర్వాత న్యాయనిర్ణేతల్లో చేరినవాడే, పలకల మీద తన సొంత సిద్ధాంతాన్ని సభలో చదువుకున్నాడు. 1816లో ఆమె మూడోసారి రాసింది. ఇక ఇవ్వక తప్పలేదు. పతకం ఇస్తున్నామని ప్రకటించారు. సభకి ఆమె వెళ్ళలేదు.

ఆమె లెక్కలో లోపాలు ఉన్నమాట నిజమే. పలక అంచుల దగ్గర ఏం జరుగుతుందన్నది ఆమెకి సరిగా తేలలేదు. కానీ ఆ లోపం ఎత్తిచూపి, ఇలా కాదమ్మా ఇలా అని చెప్పే దిక్కు లేకనే కదా అది అక్కడ మిగిలిపోయింది! 1831లో, రొమ్ము కాన్సరుతో, యాభై అయిదో ఏట ఆమె పోయింది. మరణ పత్రంలో ఆమె వృత్తి గణితం అని రాయలేదు. ఆస్తిమీద రాబడితో జీవించే స్త్రీ అని రాశారు. 1889లో ఈఫిల్ గోపురం కట్టినప్పుడు దానిమీద 72 మంది ఫ్రెంచి శాస్త్రజ్ఞుల, ఇంజనీర్ల పేర్లు చెక్కారు. లగ్రాంజ్ ఉన్నాడు, పాయిసన్ ఉన్నాడు. ఆ 72లో ఒక్క ఆడపేరూ లేదు.

సోఫీని లెక్కలోంచి తీసేసిన సంగతి అలా ఉంచి, ఆమె ప్రారంభించిన శాస్త్రమే మరొకదాన్ని ఎలా లెక్కలోంచి తీసేసిందో చూడండి.

1850లో జర్మనీలో కిర్కాఫ్ అనే ఆయన పలకల గణితాన్ని చక్కగా కుదురుపరిచాడు. సోఫీకి తేలని అంచుల సంగతి కూడా తేల్చాడు. అందుకోసం ఒక సులువు చేసుకున్నాడు. పలకలో ఒక సూది నిలువుగా గుచ్చామనుకోండి. పలక ఎంత వంగినా ఆ సూది వంకర పోదు, పలకకి నిటారుగానే ఉంటుంది - ఇదీ ఆయన ఊహ. అంటే పలక లోపల పొరలు ఒకదానిమీద ఒకటి జారవని అర్థం. ఆ జారుడు ఉన్నా చాలా కొంచెం, లెక్కలోకి తీసుకోనక్కర్లేదు అన్నాడు.

జారుడంటే ఏమిటో తెలుసుకోవడానికి కాలేజీ అక్కర్లేదు. మీ చేతిలో ఉన్న పత్రికనే రెండు చేతులా పట్టుకుని వంచి చూడండి. కాగితాల అంచులు మెట్లు మెట్లుగా ఒకదాన్ని దాటి ఒకటి జరుగుతాయి. జరగనిస్తే పత్రిక మెత్తగా వంగుతుంది. ఇప్పుడు రెండు పక్కలా బట్టల క్లిప్పులు బిగించి వంచండి. ససేమిరా అంటుంది. కాగితాలు అవే, వాటి బలం అదే. మారిందల్లా వాటి మధ్య పట్టు. పొరల పలకకి ఆ పట్టు ఇచ్చేది మధ్యలో ఉన్న జిగురు. అది కాస్త ఇచ్చుకుంటే పలక మనం అనుకున్నదానికన్నా ఎక్కువ వంగుతుంది. ఊడిపోతే ఇక పలక ఎక్కడిది, విడి కాగితాలేగా!

కిర్కాఫ్‌ని అని లాభం లేదు. ఆయన చూసింది ఒకే ముద్దగా ఉన్న పలకల్ని. పల్చటి ఉక్కు రేకుకి ఆయన సూత్రం ఇవాళ కూడా భేషుగ్గా పనిచేస్తుంది. చిక్కంతా ఆ ఊహని తీసుకెళ్ళి పొరల పలకకి అంటగట్టినప్పుడు వచ్చింది.

పొరల పలక కొత్తదేమీ కాదు. చెక్క పలుచగా చీల్చి, ఒక పొర నిలువుగా, మరో పొర అడ్డంగా అంటిస్తే ప్లైవుడ్డు. చెక్కకి నార ఉన్న దిక్కున బలం ఎక్కువ, అడ్డంగా తక్కువ. ఒకదాని లోటు మరొకటి తీర్చుకునేలా పేర్చటం దాని రహస్యం. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటన్‌కి లోహం కొరత వచ్చింది. అప్పుడు డి హావిలాండ్ కంపెనీ చెక్కతో ఒక యుద్ధవిమానం చేసింది. పేరు మస్కిటో, మన దోమే. తేలికైన బాల్సా చెక్కని మధ్యలో పెట్టి, రెండు వైపులా బర్చి ప్లైవుడ్డు అంటించి చేసిన ఒళ్ళు దానిది. 1940 నవంబరు 25న మొదటిసారి ఎగిరింది. కుర్చీలూ బీరువాలూ చేసే వడ్రంగుల చేత భాగాలు చేయించారు. దాని వేగం చూసి శత్రువులే ముక్కున వేలేసుకున్నారు.

1944లో మన తూర్పు దేశాల యుద్ధరంగంలో కొన్ని మస్కిటోలు కూలిపోయాయి. రెక్క పైతొడుగు లోపలి దూలం నుంచి లేచిపోతోందని తేలింది. వెంటనే ఏమన్నారో తెలుసా? ఇండియా ఎండలకీ, వానలకీ పాపం జిగురు ఆగలేదన్నారు. కంపెనీ పంపిన బృందం వచ్చి చూసి, జిగురు తప్పు కూడా కాదు, వర్షాకాలానికి చెక్క ముడుచుకుందని రాసింది. తర్వాత మరొక బృందం వానముఖం ఎరగని విమానాలని ఇంగ్లండులోనే విప్పి చూసింది. వాటిలోనూ అవే లోపాలు! ఫ్యాక్టరీలోనే అంటింపు సరిగా లేదని తేల్చారు. చెక్క మంచిదే, లెక్క మంచిదే. పొరకీ పొరకీ మధ్య ఉన్న ఆ సన్నటి గీత మీద శ్రద్ధ లేకపోయింది. ప్రాణాలు పోయాక గానీ దానివంక చూసినవాడు లేడు. నింద మాత్రం ముందు మన వానకి పడింది.

పొరలు అతికిస్తే ఇంకొక తమాషా కూడా ఉంది. చీరకి ఫాల్ కుట్టేముందు దాన్ని తడిపి ఆరెయ్యాలని మనకి తెలుసు. అలా చెయ్యకపోతే మొదటి ఉతుకులోనే ఫాల్ కుంచించుకుపోయి, కుంచించుకోని చీరని లాగి, అంచు అంతా కుచ్చులు కుచ్చులుగా ముడుచుకుంటుంది. లాగుడు ఒకటి, వచ్చింది వంపు. ఏకాండంగా ఉన్న గుడ్డకి ఈ బాధ లేదు. అతికిన రెండు పొరలూ సమానంగా లేనప్పుడే వస్తుంది. పొరల పలకల్లో ఈ లాగుడుకీ వంపుకీ ఉన్న చుట్టరికాన్ని రైస్నర్, స్టావ్‌స్కీ అనే ఇద్దరు 1961లో గణితంగా రాసి చూపించారు. మన కుట్టుమిషను అమ్మాయిలకి చెబితే, ఇంతేనా అంటారు.

1960ల్లో ఇంగ్లండులోని ఫార్న్‌బరో పరిశోధనాలయంలో బలమైన కార్బన్ పోగులు తయారు చేశారు. వెంట్రుకకన్నా సన్నటి ఈ పోగుల్ని జిగురులో తడిపి, మిల్లీమీటరులో ఎనిమిదో వంతు మందాన పరిచి, ఆ పొరల్ని రకరకాల దిక్కుల్లో పేర్చి, వేడిమీద అదిమితే కొత్త పలక తయారు. గుడ్డని నిలువు పోగు వెంట లాగితే సాగదు, ఏటవాలుగా లాగితే సాగుతుంది కదా. అందుకే ఒక పొర నిలువు, ఒకటి అడ్డం, ఒకటి ఏటవాలు. ఉక్కుకన్నా తేలిక, పోగు దిక్కున మహాగట్టి. అయితే అడ్డంగా ఉన్న బిగువు నిలువు బిగువులో ఇరవయ్యో వంతు కూడా ఉండకపోవచ్చు. పొరల మధ్యనయితే పోగే లేదు, ఉన్నది జిగురొక్కటే. కిర్కాఫ్ లెక్కలోకి తీసుకోనక్కర్లేదన్న జారుడు ఇక్కడ పెద్దమనిషైపోయింది.

ఎంత పెద్ద మనిషో 1970లో పగానో అనే ఆయన చూపించాడు. ఏ సులువూ చేసుకోకుండా, పొర పొరకీ పూర్తి లెక్క కట్టాడు. నాలుగు పొరల చతురస్రపు పలక తీసుకుందాం. పొడవు మందానికి నాలుగు రెట్లే, అంటే పలక బాగా మందం. అది నిజంగా 100 వంతులు వంగుతుంటే, కిర్కాఫ్ ఊహతో లెక్కకడితే 22 వంతులే వంగుతుందని వస్తుంది. నాలుగో వంతు కూడా లేదన్నమాట! పలక పొడవు మందానికి వంద రెట్లుంటే రెండు లెక్కలూ దాదాపు ఒకటే. పలుచటిదానికి సరిపోయిన మాట మందపుదానికి సరిపోలేదు.

ఈ లోపల కొందరు కిర్కాఫ్ సూదిని కాస్త వదులు చేశారు. 1945లో రైస్నర్, 1951లో మిండ్లిన్ - సూది పలకకి నిటారుగానే ఉండాలని ఏముంది, కాస్త వాలనివ్వండి అన్నారు. వాలనిచ్చారు గానీ వంగనివ్వలేదు. దాంతో లెక్కలో జారుడు పలక మందమంతటా ఒకే తీరుగా ఉన్నట్టు వస్తుంది. నిజానికి పైముఖంమీదా, కిందిముఖంమీదా జారుడు సున్న, ఎందుకంటే వాటిని పక్కకి లాగేవారు లేరు. నడుమన ఎక్కువ. ఈ తేడా పూడ్చటానికి 5/6 అనే అంకెతో గుణించి సరిపెట్టుకునేవారు. కూరలో ఉప్పెక్కువైతే బంగాళాదుంప వేసినట్టు. మనం చెప్పుకున్న పలకకి ఈ పద్ధతి 100కి 87 దాకా తెచ్చింది.

ఇక్కడ వస్తారు మన జూనూతుల రెడ్డిగారు. 1945లో వరంగల్ ప్రాంతంలో పుట్టి, 1968లో ఉస్మానియాలో ఇంజనీరింగు పూర్తిచేసి, అమెరికా వెళ్ళి పై చదువులు చదివి, అక్కడే ఆచార్యులయ్యారు. 1984లో పొరల పలకల గురించి ఒక పరిశోధన వ్యాసం అచ్చువేశారు. అందులో సూదిని వాలనివ్వటమే కాదు, వంగనిచ్చారు. ఎలాపడితే అలా కాదు, పలక రెండు ముఖాల దగ్గరా జారుడు సున్న అయ్యేలా, నడుమన పెద్దదయ్యేలా. దాంతో 5/6 అతుకు అక్కర్లేకపోయింది. చిత్రమేమిటంటే లెక్కలో తేల్చుకోవలసిన తెలియని రాశులు వెనకటి పద్ధతిలో ఎన్నో ఇందులోనూ అన్నే, అయిదు. కొత్త ఖర్చు లేకుండా ఇల్లు పెద్దదైనట్టు! ఆ పలకకే ఈ పద్ధతి 100కి దాదాపు 97 చెబుతుంది. ప్రపంచమంతటా ఇంజనీరింగు పిల్లలు దీన్ని రెడ్డి సిద్ధాంతమనే చదువుకుంటారు. 2019లో ఆయనకి యంత్రబలశాస్త్రంలో పేరెన్నికగన్న తిమోషెంకో పతకం ఇచ్చారు.

లెక్క తేలినంతమాత్రాన పొరలు ఊడటం ఆగలేదు. కార్బన్ పలక మీద ఒక పనిముట్టు జారిపడితే పైకి గీత కూడా పడకపోవచ్చు, లోపల మాత్రం రెండు పొరలు విడిపోయి ఉండవచ్చు. కంటికి కనపడని ఈ దెబ్బని పట్టుకోవడానికి పెద్ద పెద్ద యంత్రాలున్నాయి. వాటితోపాటు ఒక పాత పద్ధతి కూడా ఉంది. నాణెం తీసుకుని పలకంతా టకటకా కొట్టుకుంటూ పోవటం. గట్టిగా ఉన్నచోట ఖంగుమంటుంది. పొర విడినచోట బొంగురు పోతుంది. కుమ్మరి దగ్గర కుండ కొనేటప్పుడు మనమంతా చేసే పనే. బీట కంటికి ఆనకపోయినా వేలి గణుపుకి తెలిసిపోతుంది.

ఆ చప్పుడు ఎందుకు మారుతుందంటే, పలక ఎలా మోగాలో నిర్ణయించేది దాని వంపూ, బిగువూ కనుక. ఆ వంపుకీ మోతకీ ఉన్న సంబంధాన్ని మొట్టమొదట రాసి చూపించింది, గదిలో దీపం తీసేసినా లెక్క మానని సోఫీయే. విమానం కింద నిలబడి నాణెంతో కొట్టి చెవి ఒగ్గి వింటున్న మెకానిక్కుకి ఆమె పేరు తెలిసి ఉండకపోవచ్చు. అతను వింటున్నది మాత్రం ఆమె లెక్కనే.